రెండంగుళాల ఊపిరి

నా కుడి బొటనవేలి పక్కన, గోటికి కొంచెం కిందగా, ఒక కాయ ఉంది. శనగగింజంత. క్లారినెట్ బరువంతా ఆ వేలి మీదే ఆగుతుంది కాబట్టి చిన్నప్పటి నుంచీ వాయించేవాళ్ళకి అక్కడ చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. ఈ దేశం వచ్చాక దాన్ని ఎవరూ చూడలేదనే అనుకున్నాను. రోజంతా కీబోర్డు మీద కొట్టుకునేవాడి బొటనవేలు ఎవరిక్కావాలి? చూసిన మనిషి ఒక్కతే. ఆవిడ పోయిన నెల చనిపోయింది.

పేరు రాయను. అది ఆవిడ పద్ధతే. మా బ్యాండు కచేరీలకి అచ్చువేసే కాగితంలో, బ్యాండుని నడిపించే కండక్టర్ అన్న మాట పక్కన తన పేరు కనపడితే చాలు, పెన్ను తీసి కొట్టేసేది. దొరికినన్ని కాపీల మీద కొట్టేసేది. "ఊదేది వాళ్ళు. నేను చేతులు ఊపుతాను. చేతులు ఊపేదానికి పేరెందుకు?" అనేది. బ్యాండులో మిగతావాళ్ళంతా పేరు పెట్టే పిలిచేవాళ్ళు. నాకు మాత్రం మా అమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. మేడం అనేవాణ్ణి. "ప్యాంట్లు కురచ చేసే మేడం," అని తనే కలిపేది.

నిజంగానే ఆవిడ పని అది. సిడ్నీలో, స్టేషన్ పక్క సందులో, బట్టలు సరిచేసే చిన్న కొట్టు. నడుము బిగించడం, అంచు మడవడం, జిప్పు మార్చడం. వారంలో ఆరు రోజులు అది చేసి, శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి, మెళ్ళో కొలత టేపు అలాగే ఉంచుకుని వచ్చి, ముప్పై మంది చేత బూరలూదించేది.

నేను వచ్చినవి వైటూకే రోజులు. కంప్యూటర్లలో సంవత్సరాన్ని నాలుగంకెలకి బదులు రెండంకెలే రాసి పెట్టుకున్నారనీ, రెండు వేలు రాగానే లెక్కలన్నీ తలకిందులై లోకం ఆగిపోతుందనీ ఒకటే గోల. ఆ పుణ్యమా అని నాలాంటివాళ్ళకి ఉద్యోగాలు దొరికాయి. గిరావీన్ అనే పేటలో రెండు గదుల యూనిట్‌లో, అంటే ఫ్లాట్‌లో, నలుగురం ఉండేవాళ్ళం. ఒకే కంపెనీ, ఒకే రైస్ కుక్కర్. సేల్‌లో కొన్న ప్యాంటు నడుము దగ్గర జారిపోతుంటే ఒకరోజు ఆవిడ కొట్టుకి వెళ్ళాను. సోమవారం క్లయింటు దగ్గర మీటింగు ఉంది. అంతకు మించిన ప్యాంటు నా దగ్గర లేదు.

పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని నడుము కొలుస్తోంది. అడ్డం వస్తున్న నా చెయ్యి పక్కకి జరపబోయి, బొటనవేలు పట్టుకుని ఆగిపోయింది. వేలిని దీపం కిందకి లాగి చూసింది. సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"క్లారినెట్," అంది.

"కాదు," అన్నాను.

"ఎన్నేళ్ళు?" అంది, నా జవాబు వినపడనట్టే.

"పన్నెండు," అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"శనివారం. రెండు గంటలకి. స్టేషన్ అవతల స్కౌట్ హాల్. ప్యాంటు అక్కడ ఇస్తాను."

ఇది అన్యాయం కదా అని ఇంటికి వెళ్ళేదారంతా అనుకున్నాను. పరాయి దేశంలో ఒక మనిషి ప్యాంటుని ఇలా పట్టుకుపోవచ్చా?

నా 'కాదు' వెనక కథ చెప్పాలి. మాది గుంటూరు జిల్లాలో చిన్న టౌను. మేం దూదేకుల సాయిబులం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయనది పెళ్ళి బ్యాండు. ఆయన క్లారినెట్, మా చిన్నాయన డ్రమ్ము, ఇంకో ఎనిమిది మంది. పన్నెండేళ్ళు నేనూ జరీ అంచు ఎర్రకోటు తొడుక్కుని ఊరేగింపుల్లో గుర్రం వెనక నడిచాను. ఒకసారి మా కాలేజీ క్లాస్‌మేటు అక్క పెళ్ళి. వాడు నన్ను చూసి చూడనట్టు పోయాడు. బ్యాండు వాళ్ళకి ఆఖర్న, షామియానా వెనక, మిగిలిన కూరలతో విస్తర్లు వేశారు. ఆ రోజు నిర్ణయించుకున్నాను, ఎవరడిగినా ఈ సంగతి చెప్పకూడదని. ఎం.సి.ఎ.లో చేరాక "మీ నాన్నగారేం చేస్తారు?" అంటే "మ్యూజిక్ డిపార్ట్‌మెంట్" అనేవాణ్ణి. రేడియోలో కాబోలు అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చేవాణ్ణి. ప్రయాణం రోజున నాయన క్లారినెట్‌ని లుంగీలో చుట్టి, ఊరగాయ సీసాల కింద, నాకు చెప్పకుండా పెట్టాడు. గిరావీన్ యూనిట్‌లో అది నా మంచం కింద అదే లుంగీలో ఉండేది. ఒక్కసారి కూడా విప్పలేదు.

శనివారం ప్యాంటు కోసం వెళ్ళాను. క్లారినెట్ కూడా తీసుకెళ్ళాను. రూమ్మేట్లకి గ్రోసరీస్‌కని చెప్పాను.

వయొలిన్లూ అవీ లేకుండా, ఊపిరితో ఊదేవీ డ్రమ్ములూ మాత్రమే ఉండే బ్యాండు అది. విండ్ బ్యాండు అంటారు. పేటలో జనమే, ఒక నర్సు, ఒక ప్లంబరు, ఒక బస్సు డ్రైవరు, రిటైరైన టీచర్లు. కమిటీ ప్రెసిడెంటు ఒకప్పుడు బ్యాంకులో పెద్ద ఆఫీసరు. పొట్టకానించుకుని ఊదే పెద్ద ఇత్తడి బూర ఆయనది. చాలా పద్ధతిగల మనిషి. ఐదు నిమిషాలు ముందొచ్చి కుర్చీలు వరస తప్పకుండా సర్దేవాడు.

మొదటిరోజే ఆవిడ టేపుతో ఏం చేస్తుందో చూశాను. ఆ బ్యాంకాయన్ని లేపి నిలబెట్టి పొట్ట చుట్టూ టేపు వేసింది. "నలభై రెండు. ఇప్పుడు పీల్చండి." పీల్చాడు. "నలభై రెండున్నర. ఇది నిట్టూర్పు. ఊపిరి కాదు. నలభై నాలుగు రావాలి." ఆయన మొహం కందగడ్డ అయింది. తర్వాత నర్సుకి, నాకు, డ్రమ్ములవాడిక్కూడా. "ఊపిరితో ఊదనివాడికి ఎందుకు?" అని ప్లంబరు అడిగితే, "కొట్టేముందు వాడు పీల్చకపోతే దెబ్బ ముందే పడుతుంది," అంది. ప్రతివారం అందరికీ రెండంగుళాలు పెరగాలి. పెరక్కపోతే సూట్‌కేసు మూత మీద మోకాలు పెట్టి నొక్కినట్టు కడుపు మీద అరచేతితో నొక్కి, "ఇక్కడికి, ఇక్కడికి," అనేది.

కండక్టర్లు ఊపే కర్ర పట్టుకునేది కాదు. బల్లమీద గుడ్డ పరిచి ముడతలు సాపు చేస్తున్నట్టు ఎడమ అరచేతిని గాల్లో లాగుతుండేది. మేం ఎక్కడైనా గరుగ్గా ఎత్తుకుంటే ఆపి, "కుట్టు కనపడుతోంది," అనేది. బాగా వస్తే బాగుందని ఎప్పుడూ అనలేదు. "కుట్టు కనపడలేదు," అనేది. దాని కోసం మేం చచ్చేవాళ్ళం. కోపమొస్తే చైనా భాషలో అంకెలు లెక్కపెట్టేది. పదికి చేరేలోగా మేం సర్దుకోవాలి.

ఒకసారి నా ఉద్యోగం ఏమిటని అడిగింది. రెండంకెల సంవత్సరాల గొడవ చెప్పాను. శ్రద్ధగా విని, "అంటే ఎవరో చోటు చాలక ముందు రెండంకెలు కత్తిరించేశారు, మీరు మళ్ళీ కుడుతున్నారు," అంది. మా కంపెనీలో అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. "కత్తిరించేటప్పుడు అందరూ తెలివైనవాళ్ళే," అని కూడా అంది.

ఇక నా దొంగతనం బయటపడ్డ సంగతి. నాకు ఇంగ్లీషు సంగీతపు గీతలు, ఆ ఐదు గీతల మీద నల్లగుడ్ల రాత, సరిగ్గా చదవడం రాదు. నాయన స్వరాలు తెలుగులో రాసిన నోట్‌బుక్కుల్లోంచి నేర్చుకున్నవాణ్ణి. అందుకని వారమంతా ఆఫీసులో లంచ్ టైములో కూర్చుని, గీతల్ని కూడబలుక్కుని, కింద పెన్సిల్‌తో స, రి, గ, మ అని రాసుకునేవాణ్ణి. పై స్థాయి అయితే అక్షరం పైన చుక్క, కింది స్థాయి అయితే కింద చుక్క. హాల్లో కాగితం పక్కకి తిప్పి పెట్టుకునేవాణ్ణి. మూడోవారం ఆవిడ వెనకనుంచి వచ్చి నిలబడింది. కాగితం తీసుకుంది. బ్యాండంతా ఆగిపోయింది. పక్కనున్న బస్సు డ్రైవరు మెడ సాచి చూశాడు.

ఆవిడ వెళ్ళి, తన స్టాండు మీదున్న పెద్ద పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అచ్చయిన గీతల కింద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, పెన్సిల్‌తో అంకెలు. 1, 2, 3, 5, 6. కొన్నింటి పైన చుక్క, కొన్నింటి కింద చుక్క.

"చిన్నప్పుడు మేం ఇలా నేర్చుకుంటాం," అంది. "నీ చుక్కలు ఎందుకు?"

"పైన చుక్క పై స్థాయి మేడం. కింద చుక్క కింది స్థాయి."

"నావీ అంతే," అంది. తర్వాత బ్యాండు వైపు తిరిగి నా కాగితం పైకెత్తి, "ఇతను మీకంటే ఒక పని ఎక్కువ చేస్తున్నాడు. ఎవరైనా నవ్వాలంటే ఇప్పుడు నవ్వండి," అంది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి కాగితం నా ఎదురుగానే పెట్టుకున్నాను.

ఆవిడ బ్యాండు కోసం కూర్చిన పాట ఒకటుంది. తన ఊరి నది పక్క పెళ్ళి పాటట. దాన్ని మా ముప్పై బూరలకీ సరిపోయేట్టు పంచి రాసింది. ఊళ్ళో దాన్ని స్వోనా మీద ఊదుతారు. మన సన్నాయికి చుట్టమే, గొంతు ఇంకాస్త గట్టిది. దాని చోట క్లారినెట్‌ని పెట్టింది. మధ్యలో అందరూ ఆగిపోతే నేనొక్కణ్ణే ఊదాల్సిన భాగం ఉంది. అందులో ఒక స్వరం నుంచి ఇంకో దానికి దూకకూడదు. పెదవి వదులు చేసి, వేలిని రంధ్రం మీంచి కొద్దికొద్దిగా జరిపి, జార్చాలి. పక్కనున్న రెండో క్లారినెట్ ఆమె ఏడాది నుంచీ ప్రయత్నించి వదిలేసిందట. నేను మొదటిసారే జార్చాను. నాకేం గొప్పకాదు. పెళ్ళికూతురు అప్పగింతలప్పుడు నాయన అలా జారుస్తుంటే ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టేవాళ్ళు. ఆయన జారు అనేదాన్ని ఈవిడ హ్వాయిన్ అంటుంది. మేడం అరచెయ్యి గాల్లో ఉండిపోయింది. దాన్ని దించి, "కుట్టు కనపడలేదు," అంది.

గొడవ అక్కడే పుట్టింది. ఏటా ఒక ఆదివారం చుట్టుపక్కల పేటల బ్యాండులన్నిటికీ పోటీ ఉంటుంది. ముందటేడు ఇదే పాట రెండో క్లారినెట్ ఆమె వాయిస్తే, 'క్లారినెట్ శ్రుతి నిలకడగా లేదు' అని జడ్జీ రాసి మా బ్యాండుని ఆఖరికి నెట్టాడట. ఈసారీ ఆఖరుకొస్తే కండక్టర్ని మార్చాలని కమిటీ తీర్మానించింది. ఆ సంగతి నాకు చెప్పింది ప్రెసిడెంటే. స్కౌట్ హాల్ బయట, కారు తలుపు తెరిచి పట్టుకుని, మంచిగానే చెప్పాడు.

"చూడు మేట్, ఆవిడంటే నాకు గౌరవం. నిజంగా. పాట మార్చమంటే మార్చదు. కానీ ఆ జారుడు లేకుండా నువ్వు శుభ్రంగా, తిన్నగా ఊదావనుకో, జడ్జీలకి ఇబ్బంది ఉండదు. ఆవిడ ఉంటుంది. అంతా నీ చేతిలో ఉంది."

నేను తల ఊపాను. నా బతుకంతా తల ఊపుడే. టీం లీడు చెబితే తల ఊపు, క్లయింటు చెబితే తల ఊపు, వీసా కాగితాలతో ఆటాడించే ఏజెంటు చెబితే ఊపు. కాస్త అడ్జస్టయితే అందరికీ మంచిదేగా అనుకున్నాను. పైగా ఆవిణ్ణి కాపాడుతున్నానని ఒక పొగరు కూడా.

పోటీకి ముందు శనివారం రిహార్సల్లో తిన్నగా ఊదాను. మెట్లు దిగినట్టు, ఒక్కొక్క స్వరం విడిగా, శుభ్రంగా. ప్రెసిడెంటు బూర మీంచి నావైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నాడు. మేడం చెయ్యి దించేసింది. అంకెలు లెక్కపెట్టలేదు. "టీ," అంది. టీకి ఇంకా అరగంట టైముంది. అందరూ లేచి బయటికెళ్ళారు. నన్ను హాలు వెనక వంటగదిలోకి రమ్మంది.

"ఎవరు చెప్పారు?"

చెప్పాను. అంతా చెప్పాను. "మీరు ఉండాలని మేడం. ఒక్క ఆదివారం అడ్జస్టయితే..."

"మీ నాన్న ఏం చేస్తాడు?" అంది మధ్యలో.

"మ్యూజిక్ డిపార్ట్‌మెంట్," అన్నాను. అలవాటు.

నా చెయ్యి పట్టుకుని ఆ వేలిని నా మొహం ముందుకే తెచ్చింది. "ఇది డిపార్ట్‌మెంట్‌లో కాయదు," అంది. "మా తాత పెళ్ళిళ్ళకీ చావులకీ ఊదాడు. స్వోనా. పట్నంలో మ్యూజిక్ స్కూల్లో మొదటిరోజు అడిగారు, మీ ఇంట్లో ఏం చేస్తారని. చెప్పాను. పెళ్ళిళ్ళు, చావులు. అందరూ నవ్వారు. రెండేళ్ళు నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. వెనక బెంచీలోకి కూడా పాఠం వినపడుతుంది." కప్పులు కడిగే సింకు అంచుని రెండు చేతులతో పట్టుకుంది. "నన్ను తీసేస్తే తీసెయ్యనీ. నాకు కొట్టుంది. నువ్వు తిన్నగా ఊదితే నేనుంటాను. మా తాత పోతాడు. నువ్వు ఎవర్ని ఉంచుతున్నావు?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చింది. ఆ టీ కప్పుల మధ్య, ఈ దేశంలో మొదటిసారి, మా నాయనది పెళ్ళి బ్యాండని చెప్పాను. ఎర్రకోటు చెప్పాను. షామియానా వెనక విస్తరి చెప్పాను. ఆవిడ జాలిపడలేదు. "కూర బాగుందా?" అని అడిగింది. బాగుందన్నాను. నిజంగా బాగానే ఉండేది, గుత్తివంకాయ. "మా ఊళ్ళోనూ ఆఖర్నే పెడతారు. కానీ స్వోనా లేకుండా పెళ్ళి చెయ్యమను చూద్దాం. చావు చెయ్యమను. మా దగ్గర చావు నిశ్శబ్దంగా జరిగితే, పాపం ఎవరూ లేరేమో అనుకుంటారు," అంది. తర్వాత టేపు తీసి నా పొట్ట చుట్టూ వేసింది. ముప్పై రెండు. పీల్చమంది. ముప్పై నాలుగు వచ్చింది.

పోటీ రోజున టౌన్‌హాల్లో మూడో వరసలో మా టీం లీడు రావుగారు కనపడ్డారు. విజయవాడ ఆయన. వాళ్ళమ్మాయి స్కూలు బ్యాండు కూడా ఆరోజే. నన్ను చూసి చెయ్యూపారు. మా కంపెనీలో తెలుగువాళ్ళందరికీ ఆయన నోటి నుంచే వార్తలు చేరతాయి.

మా వంతు వచ్చింది. మేడం టేపుతోనే స్టేజీ ఎక్కింది. నా భాగం దగ్గరకొచ్చేసరికి అందరూ ఆగిపోయారు. ఆవిడ అరచెయ్యి నావైపు తిరిగింది, సాపు చెయ్యడానికి సిద్ధంగా. ప్రెసిడెంటు బూర ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను జార్చాను. రిహార్సల్లో ఎప్పుడూ జార్చనంత జార్చాను. నాయన అప్పగింతలప్పుడు ఆపేసే చోట కూడా ఆపకుండా, ఇంకో అర స్వరం కిందకి లాగి, అక్కడ నిలబెట్టి, మళ్ళీ పైకి తెచ్చాను. జడ్జీల బల్ల మీద పెన్నులు కదలడం కనపడింది. రాసుకోండి అనుకున్నాను.

ఏడు బ్యాండులొస్తే మాది ఏడో స్థానం.

బయట మెట్ల దగ్గర రావుగారు నా భుజం మీద చరిచారు. "ఏమయ్యా బాషా, చెప్పనేలేదే! భలే వాయించావు. కళ్ళు మూసుకుంటే అచ్చం మనూళ్ళో పెళ్ళి బ్యాండే అనుకో!" అని పెద్దగా నవ్వారు. పక్కన వాళ్ళావిడా నవ్వింది.

"పెళ్ళి బ్యాండేనండీ. మా నాయనది. నేనూ పన్నెండేళ్ళు వాయించాను," అన్నాను.

ఆయన నవ్వు సగంలో ఆగింది. "అవునా... మీ నాన్నగారు రేడియోలో కదా?"

"కాదండీ. నేనే అబద్ధం చెప్పాను."

సోమవారానికి ఆఫీసంతా తెలిసింది. ఒకరిద్దరు పలకరింపు తగ్గించారు, తగ్గించనీ. ఆ రాత్రే ఫోన్ కార్డు గీకి నాయనకి చెప్పాను, ఇలా పోటీలో ఊదాననీ, ఆఖరికొచ్చామనీ.

"జారు పడిందా?" అన్నాడు.

"పడింది నాయనా."

"మరింకేందిరా," అన్నాడు.

మేడంకి కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇంతకాలం సేవకి ధన్యవాదాలని. ఆ ఉత్తరాన్ని కొట్టులో అద్దం పక్కన, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల చీటీలతో కలిపి గుచ్చేసింది. మరుసటి శనివారం ఒంటిగంటకి ఫోన్ చేసింది. "రెండు గంటలకి. కొట్టు వెనక కార్ పార్కు. కుర్చీ తెచ్చుకో." పదకొండు మంది వెళ్ళాం. చెత్త డబ్బాల పక్కన, పాలవ్యాను నిలిపే చోట, మడతకుర్చీలు వేసుకున్నాం. సెక్యూరిటీ మనిషి వచ్చి ఇక్కడ కుదరదన్నాడు. ఆవిడ అతని మడమల వైపు చూసి, "మీ ప్యాంటు రెండంగుళాలు పొడుగుంది. తట్టుకుని పడతారు. లోపలికి రండి, ఐదు నిమిషాలు," అంది. ఆరు నెలలు అక్కడే వాయించాం. తర్వాత ఒక స్కూలు ప్రిన్సిపాల్ మా గోల విని, జాలిపడో విసుగెత్తో, వాళ్ళ హాలు ఇచ్చింది.

రెండు వేలు వచ్చింది, లోకం ఆగలేదు. మరుసటేడు ఉద్యోగాలు మాత్రం ఆగాయి. మా యూనిట్‌లో నలుగురిలో ఇద్దరు వెనక్కి వెళ్ళిపోయారు. నేనుండిపోయాను. పెళ్ళయింది, కూతురు పుట్టింది, రౌస్ హిల్‌కి మారాం. శనివారాలు తగ్గుతూ వచ్చాయి. మేడం కొట్టు అమ్మేసింది. చివరిసారి చూసినప్పుడు చేతులు వణుకుతున్నాయి. అయినా నా చొక్కా పైనుంచే టేపు వేసి, "ముప్పై తొమ్మిది. సుఖపడ్డావు," అంది.

ఆవిడ అంత్యక్రియలు ఊరి చివర శ్మశానవాటిక చాపెల్లో. నలభై నిమిషాల టైమిచ్చారు. కొడుకు చాలా మర్యాదగా మాట్లాడాడు. స్పీకర్లో పియానో ఏదో నెమ్మదిగా మోగింది. ఎవరూ గట్టిగా ముక్కు కూడా చీదలేదు. ఇరవై ఆరో నిమిషానికే అయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమందిమి ఉండి, ఎవరూ లేనిదాన్లా పంపిస్తున్నాం ఆవిణ్ణి.

బయటికొచ్చి కారు డిక్కీ తీశాను. మా అమ్మాయికి పదహారు. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు పెట్టే ఎల్ ప్లేట్లు తగిలించి తనే నడుపుకుంటూ తెచ్చింది, లైసెన్సుకి చూపించే లాగ్‌బుక్కులో గంటలు కలుస్తాయని. లుంగీలోంచి క్లారినెట్ విప్పుతుంటే చూసి, గొంతు తగ్గించి, "డాడ్, ఆర్ వీ అలౌడ్?" అంది.

"లేదమ్మా," అన్నాను.

తలెత్తి చూస్తే నర్సు తన కారు డిక్కీ తీస్తోంది. అవతల బస్సు డ్రైవరు. వాళ్ళకి నేను చెప్పలేదు, నాకు వాళ్ళు చెప్పలేదు. మొత్తం ఏడుగురం అయ్యాం. ఎనభై దాటిన ప్రెసిడెంటు నడక స్టాండు తోసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"ఇంకా శ్రుతి తప్పే ఊదుతావా?" అన్నాడు.

"అవునండీ."

"అనుకున్నాను," అని అక్కడే నిలబడ్డాడు. వెళ్ళలేదు.

పాత కాగితం, గీతల కింద స రి గ మలు, పైనా కిందా చుక్కలు. గాలికి ఎగరకుండా అమ్మాయి రెండు చేతులతో పట్టుకుంది. మొదలుపెట్టాం. నా భాగం ఇంకా రాలేదు, నల్లకోటు మనిషి ఒకడు చాపెల్లోంచి గబగబా వచ్చాడు. "సర్, పది నిమిషాల్లో ఇంకో కుటుంబం వస్తోంది. ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి," అన్నాడు. మామూలుగా అయితే మూడుసార్లు సారీ చెప్పేవాణ్ణి.

"కావాలంటే వాళ్ళకీ వాయిస్తాం," అన్నాను.

పాటలో ఆ చోటుకొచ్చి మిగతా ఆరుగురూ ఆగిపోయారు. నా వంతు వచ్చింది. సాపు చేసే అరచెయ్యి లేదు, పొట్ట చుట్టూ టేపు లేదు. నల్లకోటు మనిషి వాచీ చూసుకుంటున్నాడు. నేను రెండంగుళాలు పీల్చి, జార్చాను.